పొడుగు గరిటె

ఉబ్బిన బ్యాటరీని భోజనాల బల్ల మీద నుంచి తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నిన్న సాయంత్రం బ్యాటరీ ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన అట్టపెట్టెలోంచి దాన్ని తీసి మామగారే అక్కడ పెట్టారు. అరచెయ్యంత రేకు సంచి. పలకలా చదునుగా ఉండాల్సింది, గాలి మింగిన కప్పలా పొట్ట పెంచుకుని కూర్చుంది. పొద్దున్న అత్తగారు కంచాలు పెట్టేటప్పుడు కూడా దాన్ని కదపకుండా చుట్టూ సర్దారు. ఒక్క కంచమూ సగమైనా ఖాళీ కాలేదు.

"పన్నెండు డ్రమ్ములు," అన్నారు మామగారు. "పన్నెండుకి పన్నెండూ వెనక్కొచ్చాయి. నలభై ఏళ్ళలో నా గుమ్మం దాటిన సరుకు మళ్ళీ నా గుమ్మం తొక్కింది లేదు."

కోడలు నీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆ పన్నెండు డ్రమ్ములూ భేషుగ్గా ఉన్నాయని చీటీ మీద సంతకం పెట్టింది తనే. ఇంటి వెనక గోడకి ఆనుకుని ఉన్న ఆ చిన్న ఫ్యాక్టరీలో మామగారిది తయారీ, భర్తది అమ్మకం, తనది పరీక్షల గది. సరుకుని శుద్ధి చేసే కాలమ్ నడిపేదీ, డ్రమ్ములు నింపేదీ ఆమె సొంత తమ్ముడు.

ఇప్పుడు ఇంట్లో అందరూ వేలెత్తి చూపిస్తున్నది ఆ తమ్ముణ్ణే.

"మళ్ళీ ఒకసారి చెబుతా. తప్పుంటే దిద్దు అమ్మాయ్," అన్నారు మామగారు. "డ్రమ్ముల్లో ఉన్న సరుకులో నీళ్ళున్నాయి, నీళ్ళ వల్ల పుట్టే గ్లైకాల్ ఉంది. వాళ్ళు తేల్చారు, నిన్న మనమూ తెరిచి చూశాం. అవునా?"

"అవును మామయ్యగారూ."

"అదే సరుకులోంచి తీసి దాచిన శాంపిల్ సీసాలు మన బీరువాలో ఉన్నాయి. నిన్న నేనే ఒకటి తీసి, వేడినీళ్ళ గిన్నెలో కరిగించి తెచ్చి, నా కళ్ళ ముందే నీచేత పరీక్ష చేయించా. అందులో నీటి జాడ లేదు. అవునా?"

"అవును."

"సీసాలోది మంచిది, డ్రమ్ములోది చెడ్డది. మరి మధ్యలో ఎవరో మంచి సరుకు తోడుకుని పనికిమాలింది పోశారా లేదా? డ్రమ్ములున్న గది తాళం నీ నడుమున ఉంటుంది. నువ్వు ఆ తాళం ఇచ్చేది ఒక్కడికి."

"నేనలా ఎప్పుడు..."

"ఈ కొంపలో వస్తువులకి కాళ్ళొచ్చాయి," అంటూ అత్తగారు అందుకున్నారు. "నా పొడుగు గరిటె పోయి మూడు వారాలు. అడిగితే, నాకు తెలీదత్తయ్యా అంటుంది మహాతల్లి. గరిటె పోయిన ఇంట్లో డ్రమ్ములు పోవడం ఓ వింతా?"

"నీ గరిటె గోల ఇప్పుడెందుకే?"

"మీకు గోలే. పెద్ద గిన్నె అడుగంటకుండా కలిపేది మీరు కాదుగా! అక్కాతమ్ముళ్ళ రాజ్యం అయిపోయింది ఇల్లు. నేనేమన్నా అంటే నోరు పారేసుకున్నానంటారు."

మామగారు ఆ మాట విననట్టే లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. "పన్నెండింటికి బ్యాటరీ ఫ్యాక్టరీ నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. తప్పు ఎవరిదో రాతపూర్వకంగా ఇచ్చి, ఆ మనిషిని పంపేస్తే ఇంకో అవకాశం ఇస్తామన్నారు. పదకొండింటికి నీ తమ్ముణ్ణి రమ్మన్నా. సంతకం పెట్టి వెళ్ళిపోతే సరే. పెట్టకపోతే పోలీసులు చూసుకుంటారు."

"అలా రాసిచ్చాక వాణ్ణి ఇంకే ఫ్యాక్టరీ అయినా గేటు లోపలికి రానిస్తుందా మామయ్యగారూ? నేను దొంగనని వాడి చేత్తో వాడే రాసుకున్నట్టేగా?"

"ఆ సంగతి వాడు ముందే ఆలోచించుకోవాల్సింది."

ఆమె భర్త వైపు చూసింది. ప్రతిదానికీ ఏదో ఒకటి అడ్డు చెప్పే మనిషి, ఎప్పుడో చల్లారిపోయిన టీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

మనలో మాట, అనుమానం ఆమెకీ లేకపోలేదు. "అక్కా, తినడానికేముంది?" అని నేరుగా లోపలికి దూసుకొచ్చే తమ్ముడు మూడు వారాలుగా గేటు దాటి రావడంలేదు. కళ్ళలోకి చూడటంలేదు. మొన్న ఒకరోజు చెయ్యి పట్టుకుని ఆపి, "ఏమైందిరా?" అని అడిగితే, "ఏంలేదక్కా," అంటూ ముక్కు గోక్కున్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే వాడు. అబద్ధం నోటి దాకా రాగానే చెయ్యి ముక్కు మీదికి పోతుంది. పలక పగలగొట్టి పిల్లి పడేసిందన్న రోజు నుంచీ ఆమెకి ఆ సంగతి తెలుసు. ఇంకెవరికీ తెలీదు. ఎన్ని దెబ్బలు తప్పించిందో ఆ గుట్టు బయటపెట్టకుండా.

ఏదో దాస్తున్నాడు. దాచేది దొంగతనమేనా అన్నదే ఆమెని తినేస్తోంది.

*

ఆమె పరీక్షల గది వైపు నడుస్తుంటే వెనకే చెప్పుల చప్పుడైంది.

"ఆగు," అన్నాడు భర్త. "ఊరికే మనసు పాడుచేసుకోకు. వాడు సంతకం పెట్టేస్తే పోలీసుల దాకా పోకుండా నేను చూసుకుంటా."

"వాడు సరుకు మార్చాడని మీరు నమ్ముతున్నారా?"

"నా నమ్మకంతో ఏం పని? నాన్న నమ్ముతున్నాడు."

"నేనడిగింది మిమ్మల్ని."

అతను గోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని గోటితో పీకుతూ నిలబడ్డాడు. కాసేపటికి, "ఒక పని చెయ్యి. బీరువా తాళం ఇలా ఇచ్చెయ్," అన్నాడు.

"ఎందుకూ?"

"మిగిలిన సీసాలన్నీ వేడినీళ్ళలో పెట్టి కరిగించి ఉంచుతా. ఆవిడ వచ్చాక మళ్ళీ ఆలస్యమెందుకు?"

"నేను పెడతాలెండి."

"జ్వరం పడి లేచిన మనిషివి. నీకెందుకు శ్రమ?"

"జ్వరం తగ్గి మూడు వారాలైంది."

అతను నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నీ ఇష్టం," అని వెనక్కి తిరిగాడు గాని వెంటనే వెళ్ళలేదు. నాలుగడుగులు వేసి ఆగి, ఆమె తాళం తీసేదాకా అక్కడే నిలబడి చూశాడు.

పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ మనిషి ఒక్క సీసా కడిగిన పాపాన పోలేదు. పరీక్షల గదిలోకి వస్తే, "అబ్బ, ఏం వాసన ఇది," అని గుమ్మంలోనే నిలబడేవాడు. తెల్ల సరుకుకి వాసనే ఉండదని ఆమె వందసార్లు చెప్పుంటుంది. అలాంటివాడికి ఇవ్వాళ సీసాల మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

ఆమె లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

*

తెల్ల సరుకంటే ఇథిలీన్ కార్బొనేట్. అంత పేరు పలకడం పనివాళ్ళకి చాదస్తం. మామగారు మొదట్లో రంగులు ఊడగొట్టే కార్బొనేట్ చేసి తలుపుల షాపులకి అమ్మేవారు. బ్యాటరీల కాలం వచ్చాక దీని మీద పడ్డారు. "ఊరంతా గాల్లోకి వదిలేసే బొగ్గుపులుసు వాయువుని పట్టుకొచ్చి, ఇథిలీన్ ఆక్సైడ్‌తో కలిపి, ఒత్తిడి పెట్టి మెడలు వంచుతా," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ పిడికిలి బిగించి చూపించేవారు. అలా మెడలు వంచినదాన్ని కాలమ్‌లో శుద్ధి చేస్తే రంగూ వాసనా లేని ద్రవం వస్తుంది. బ్యాటరీలో ఉప్పుని కరిగించేది అదే. అందులో నీటి చుక్క కలిసిందా, ఆ ఉప్పు ఆమ్లంగా మారి బ్యాటరీని లోపల్నుంచి తినేస్తుంది. బల్ల మీది కప్ప పొట్ట అలా ఉబ్బిందే.

ఈ సరుకుది మరో పెంకితనం. ఒంటి వేడికి కొంచెం తక్కువైతే చాలు, గడ్డకట్టుకుపోతుంది. జ్వరమొచ్చిన చెయ్యి ఆనిస్తే చాలు కరుగుతుందని పనివాళ్ళు వేళాకోళం చేస్తారు. చలికాలంలో డ్రమ్ము డ్రమ్మంతా తెల్లరాయి. అందుకే డ్రమ్ముల్ని వేడి గదిలో పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాలి. పూర్తిగా కరిగాక దొర్లించి, పైమూత తీసి, పొడుగాటి గాజు గొట్టంతో పైనుంచీ, మధ్యనుంచీ, అడుగునుంచీ శాంపిల్ తీయాలి. ఇది ఆమె పెట్టిన పద్ధతి. తమ్ముడికి ఆ పద్ధతి నూరిపోసిందీ తనే.

ఆమె బీరువా తెరిచింది. పై అరలో అంతకుముందు నెల సీసాలు. ఒకటి తీసి కిటికీ వెలుగులో పెట్టింది. కరిగిన సరుకు పోసి మూతపెట్టిన సీసా అది. చల్లారాక ఒకే ముద్దగా గడ్డకట్టింది, పైన మధ్యలో చిన్న గుంటతో. ప్రతి సీసా అలాగే ఉంటుంది. ఉండాలి.

కింది అరలో గొడవకొచ్చిన డ్రమ్ముల సీసాలు. మామగారు తీసుకెళ్ళిన ఒక్కటి పోగా పదకొండు. ఒకటి చేతిలోకి తీసుకోగానే లోపల గలగలమని చప్పుడైంది.

ఆమె మరోసారి ఊపింది. మళ్ళీ గలగల.

లోపల ముద్ద లేదు, గుంట లేదు. పటిక ముక్కల్లా పలుకులు. రెండో సీసా అంతే. మూడోది అంతే. పదకొండూ అంతే.

కరిగిన సరుకు పోస్తే పలుకులు ఎలా వస్తాయి? రావు. ఇవి గీకి నింపినవి. డ్రమ్ము సగమే కరిగి ఉండగా, మధ్యలో మిగిలిన గడ్డ మీద నుంచి ఎవరో గీకి నింపారు.

ఆమె స్టూలు మీద కూలబడింది. నీళ్ళు కలిసిన సరుకు కరగడం మొదలెడితే ముందు మురికే కరుగుతుంది. నీళ్ళూ గ్లైకాలూ అన్నీ ఆ కరిగినదాంట్లో చేరతాయి. ఇంకా కరగకుండా మిగిలిన గడ్డ మాత్రం కడిగిన ముత్యంలా ఉంటుంది. దాన్ని గీకి పరీక్షకి పెడితే దేవుడు దిగొచ్చి చూసినా మంచిదే అంటాడు.

అంటే డ్రమ్ముల్లో ఎవరూ ఏమీ మార్చలేదు. సరుకు కాలమ్‌లోంచి వచ్చినప్పుడే చెడింది. కాలమ్ పక్కనున్న కూలర్ నీళ్ళ గొట్టం కారుతోందని రెండు వారాల కిందట మార్పించింది గుర్తొచ్చింది. ఆ కారిన నీళ్ళే ఇవి. దొంగతనమే జరగలేదు. పట్టుకోవాల్సిన చెడుగుని శాంపిల్ దాచేసింది, అంతే.

"తమ్ముడూ..." అని పైకే అనేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాణ్ణి అనుమానించినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అయితే గీకింది ఎవరు?

సీసాలన్నీ బల్ల మీదికి తీస్తుంటే అర వెనక్కి తోసి పెట్టిన పాత పేపరు చుట్ట ఒకటి చేతికి తగిలింది. విప్పింది. లోపల గరిటె. పొడుగు కాడ, లోతు గిన్నె, కాడ చివర వేలాడదీసే కొక్కెం. గిన్నె అంచున తెల్లటి పొర అంటుకుని ఉంది. చేతికి తొడుగు వేసుకుని గరిటె గిన్నెని పిడికిట్లో పట్టుకుంది. కాసేపటికి ఆ పొర అంచులు మెత్తబడి తడిగా మెరిశాయి.

మూడు వారాలుగా అత్తగారు తనని కాల్చుకు తింటున్న గరిటె.

తమ్ముడు ఆ ఇంటి వంటింట్లో అడుగుపెట్టడు. పెట్టింది భోజనాల బల్ల దగ్గర తిని పోతాడు. మామగారికి వంటింటి దారే తెలీదు. ఇక మిగిలింది?

జ్వరం రోజు ఒక్కొక్కటే పేర్చుకుంది. పొద్దున్న డ్రమ్ములు వేడి గదిలోకి వెళ్ళాయి. మధ్యాహ్నానికి తనకి ఒళ్ళు కాలిపోతోంది. తమ్ముడు మంచం పక్కన స్టూలేసుకుని తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాడు. సాయంత్రం దాకా కదల్లేదు, అది మాత్రం బాగా గుర్తుంది. మిగతాదంతా మసకమసక. ఎవరో ఏదో అడిగినట్టు, తనేదో గొణిగినట్టు. మర్నాడు నీరసంగా వచ్చేసరికి పరీక్షకి పెట్టే సీసాలు అప్పటికే కరిగించి, వరుసగా పెట్టి ఉన్నాయి. దాచే సీసాలు బీరువాలోకి వెళ్ళిపోయాయి. లారీ డ్రమ్ములతో ముందురోజే వెళ్ళిపోయింది. చీటీ తరవాత పంపొచ్చన్నాడు భర్త. పరీక్ష చేసింది, బాగున్నాయి, సంతకం పెట్టింది. శాంపిల్ ఎవరు తీశారని అడగలేదు. అడగడానికేముంది, ఎప్పుడూ తీసేది తమ్ముడేగా!

నడుమున ఉండాల్సిన తాళాల గుత్తి ఆ రోజు నిద్రలేచేసరికి తలగడ కింద ఉంది. జ్వరంలో తనే తీసి పెట్టుకుందేమో అనుకుంది.

కాదు. ఒంటి మీద తెలివి లేని మనిషి నడుము నుంచి గుత్తి విప్పుకుపోయి, పని కానిచ్చి, తెచ్చి తలగడ కింద పెట్టాడు. ఆ మహానుభావుడే ఇవ్వాళ పొద్దున్నుంచీ చల్లటి టీలో చెంచా తిప్పుతున్నాడు. బావమరిది దొంగ అనిపించుకుంటుంటే ఉలుకూ పలుకూ లేదు. పైగా సీసాలు కరిగిస్తాడట!

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషిని ఇవ్వాళే మొదటిసారి చూసినట్టనిపించింది. గరిటెని పేపర్లో చుట్టి కొంగు చాటున పెట్టుకుంది. రెండు సీసాలు చేతిలోకి తీసుకుని లేచింది.

*

తమ్ముడు అప్పటికే వచ్చి ఉన్నాడు. బల్ల దగ్గర కూర్చోమన్నా కూర్చోలేదు. మామగారు రాసిపెట్టిన కాగితం ఉబ్బిన బ్యాటరీ పక్కనే ఉంది, దాని మీద పెన్ను. అత్తగారు వంటింటి గుమ్మంలో, భర్త కిటికీ దగ్గర.

"మామయ్యగారూ, ఒక్క నిమిషం. నేను..."

"ఆగు అమ్మాయ్. ముందు వాణ్ణి చెప్పనీ," అన్నారు మామగారు. "ఏమయ్యా, నువ్వే చెబుతావా, మమ్మల్ని చెప్పమంటావా?"

తమ్ముడు అక్క వైపు ఒక్కసారి చూశాడు. మూడు వారాల తరవాత మొదటిసారి నేరుగా చూశాడు. తరవాత చూపు దించుకుని, "నేనే చేశాను మామయ్యగారూ," అన్నాడు. "సరుకు నేనే పాడుచేశాను. అక్కకి ఏ సంబంధం లేదు." చెప్పి ముక్కు గోక్కున్నాడు.

అత్తగారు "హవ్వ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కిటికీ దగ్గర మనిషి బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి కోడలు విన్నది.

తమ్ముడు వంగి పెన్ను తీసుకున్నాడు.

కోడలు వచ్చి కాగితం మీద అరచెయ్యి ఆనించింది. "సంతకం తరవాత. ఆ రోజు శాంపిల్ తీసింది కూడా నువ్వేనా?"

"నేనేనక్కా."

"ఎలా తీశావు?"

"ఎలా ఏంటి? ఎప్పుడూ తీసినట్టే. డ్రమ్ము దొర్లించి, మూత తీసి, గాజు గొట్టం పెట్టి. పైనుంచొకటి, మధ్యనుంచొకటి, అడుగునుంచొకటి. నువ్వు నేర్పినట్టే."

"అంతే కదా?"

"అంతే."

పిచ్చివెధవ. తప్పు ఎలా చేయాలో కూడా తెలీకుండా తప్పు ఒప్పుకుంటున్నాడు. ఆమె సీసాలు రెండూ మామగారి ముందు పెట్టింది.

"ఇది పోయిన నెలది. ఇది ఆ డ్రమ్ములది. ఊపి చూడండి మామయ్యగారూ. నిన్న మీరు కరిగించాక తెచ్చారు కాబట్టి నా కంట పడలేదు."

మామగారు ఒకటి ఊపారు, చప్పుడు లేదు. రెండోది ఊపారు. గలగలమంది. మళ్ళీ ఊపారు. నలభై ఏళ్ళు ఆ సరుకుతో కాపురం చేసిన మనిషికి విడమర్చి చెప్పే పనిలేదు. మొహంలో రంగు మారింది.

"గీకారు," అన్నారు మెల్లగా. "కరక్కుండానే గీకారు."

"డ్రమ్ముల్లో సరుకు ఎవరూ మార్చలేదు. కూలర్ కారినప్పుడే నీళ్ళు కలిశాయి. వీడు ఆ మధ్యాహ్నమంతా నా మంచం పక్కన ఉన్నాడు, వేడి గది మొహం కూడా చూడలేదు. గీకింది దీంతో," అని పేపరు చుట్ట విప్పి గరిటె బల్ల మీద పెట్టింది.

అత్తగారు గుమ్మం దాటి నాలుగంగల్లో వచ్చేశారు. "నా గరిటె! ఇదిగో, కొక్కెం వంకర కూడా అలాగే ఉంది. ఎక్కడ దొరికిందే? నేను చెప్పలా, ఇంట్లోవాళ్ళే తీశారని! ఆ రోజు టీ పెట్టుకుంటానని వంటింట్లోకి వచ్చిందెవరు? జన్మలో గిన్నె ముట్టనివాడు, నువ్వు పడుకో అమ్మా నేను పెట్టుకుంటా అని నన్ను..."

ఆవిడ కొడుకు వైపు చూసి, చప్పున చూపు గోడ వైపు తిప్పేసుకున్నారు. "నాకేం గుర్తులేదు. మూడు వారాల కిందటి మాట," అన్నారు. గరిటె కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు.

గరిటె బల్ల మీదే ఉండిపోయింది.

మామగారు కోడలి అరచేతి కిందనుంచి కాగితం లాగి, అందాకా తమ్ముడి ముందున్నదాన్ని బల్ల మీదుగా కిటికీ వైపు జరిపారు. "ఒరేయ్," అన్నారు కొడుకుతో. "ఇందాక ఆ అబ్బాయిని అడిగిన ప్రశ్నే. ఎలా తీశావు?"

"లారీ ఐదింటికి వచ్చేసింది నాన్నా." "ఆ రోజు సరుకు అందకపోతే ఆర్డరే పోతుందన్నారు. డ్రమ్ములు చూస్తే సగమే కరిగాయి. ఏం చేయమంటావు?"

"నన్ను అడగొచ్చుగా?"

"నువ్వు ఊళ్ళో లేవు."

"నన్నడగొచ్చుగా?" అంది కోడలు. "నా నడుముకున్న తాళం నాకు తెలీకుండా విప్పుకెళ్ళారు. నా తమ్ముణ్ణి దొంగని చేస్తుంటే కూర్చుని చూశారు. మీరు మనిషేనా?"

అతను తలెత్తాడు. పొద్దున్నుంచీ తప్పించుకు తిరిగిన చూపు ఇప్పుడు సూటిగా ఆమె మీద నిలబడింది. అందులో భయం లేదు. అదే ఆమెకి అర్థం కాలేదు.

"నిన్నడిగాను," అన్నాడు.

"ఏమిటీ?"

"వచ్చి నిన్నే అడిగాను. లారీ వచ్చింది, డ్రమ్ములు సగమే కరిగాయి, శాంపిల్ ఎలా అని. నువ్వు కళ్ళు తెరవలేదు. గుత్తి నువ్వే విప్పి నా చేతిలో పెట్టావు. పైన గడ్డ ఉంటే గీకి తీసుకోండి, ఏం కాదు, అన్నావు. గొట్టం సంగతి నాకేం తెలుసు? నువ్వన్నావనే గరిటె వెతుక్కున్నా. డ్రమ్ములు వెనక్కొచ్చాక ఆ మాట ఎవరికి చెప్పను? చెబితే తప్పు నీ మీదికొస్తుంది, చెప్పకపోతే వాడి మీదికి. పొద్దున్నుంచీ మింగలేక కక్కలేక చస్తున్నా."

"అబద్ధం!"

"అయితే వాణ్ణడుగు. తడిగుడ్డ పట్టుకుని పక్కనే కూర్చున్నాడుగా."

బయట కారు వచ్చి ఆగిన చప్పుడైంది. గేటు తీస్తున్నారు. మామగారు కదల్లేదు. ఆయన చూపు కొడుకుని వదిలి కోడలి మీదికి వచ్చింది.

ఆమెకి ఆ మధ్యాహ్నం తవ్వుకున్నకొద్దీ మసకగానే ఉంది. ఎవరో లారీ అన్నారు. అరచేతికి తాళాల చల్లదనం తగిలింది. తరవాత? ఏమన్నది తను? "ఏం కాదు" అన్న మాటని తన గదిలో ఎవరినీ అననివ్వదే. అలాంటి మాట తన నోటి నుంచి వచ్చే ప్రసక్తే లేదు. లేదు కదా?

తమ్ముడు ఇందాకటి పెన్ను ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాడు. ఆమె వాడి ముందుకి వెళ్ళి నిలబడింది.

"చెప్పరా. నేనలా అన్నానా?"

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. "లేదక్కా," అన్నాడు. "నువ్వలా అనలేదు."

చెప్పి, ముక్కు గోక్కున్నాడు.